అద్దానికి అందని చోటు

"వెనక్కి పోనియ్," అన్నాడు పక్క సీట్లోని ఖాకీ చొక్కా మనిషి.

సైదావలి రివర్సు గేరు వేశాడు. క్లచ్చి మీదున్న కాలు మాత్రం తియ్యలేదు.

పంతొమ్మిది వందల ఎనభై ఏడు, మే నెల. మిట్టమధ్యాహ్నం. తెనాలి శివార్లలో ఖాళీ మైదానం. ప్రహరీ గోడ వారగా టెస్టు లారీ.

హెవీ లైసెన్సు సైదావలికి ఇవాళే కావాలి. రేపల్లెలో ధాన్యం లారీ మీద పదకొండేళ్ళుగా క్లీనరతను. డ్రైవరు మానేశాడు. "సాయంత్రానికి టెస్టు పాసై వస్తే సీటు నీది. లేదంటే బాపట్ల నుంచి లక్ష్మీనారాయణ వస్తున్నాడు," అని ఓనరు తేల్చేశాడు.

ముందు వెళ్ళిన ఇద్దరూ గోవిందా. లారీ కాస్త వెనక్కి కదలడం, కీచుమని ఆగడం, మనిషి వెలవెలబోతూ దిగడం. ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా గుమాస్తా వాళ్ళని అటునుంచి అటే గేటు దాటించేశాడు.

"టెస్టులు పెట్టడానికి కొత్తగా వచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టరు రాక్షసుడంట భాయ్," అని రేకుల షెడ్డు కింద పక్కవాడు ముందే చెవిలో ఊదాడు.

"ఏంటి చూస్తున్నావ్? ముహూర్తం పెట్టించాలా?" ఖాకీ చొక్కా గొంతు పెంచాడు.

"ఎడమ పక్క కనపడట్లేదు సార్."

"అద్దం ఉందిగా!"

అద్దం ఉంది. అందులో లారీ చెక్కలున్నాయి, గోడ ఉంది. వెనక చక్రం దగ్గర చోటు మాత్రం లేదు. ఆ చోటు ఎంతుంటుందో సైదావలికి బాగా తెలుసు. పదకొండేళ్ళు తను నిలబడింది అక్కడే. బాడీ మీద అరచేత్తో చరుస్తూ "రానీ, రానీ" అనేవాడు. గట్టిగా రెండు దెబ్బలు కొడితే బండి ఆగేది. ఆ చప్పుడే డ్రైవరుకి కళ్ళు.

ఇవాళ చరిచే చెయ్యి లేదు.

"వెనక ఎవర్నైనా నిలబెట్టండి సార్. ఒక్క నిమిషం."

"మేళతాళాలు కూడా పెట్టిస్తా! అక్కడేం లేదయ్యా. నేను చెప్తున్నాగా, పోనియ్."

ఖాకీ చొక్కా కుడిచెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద బిగుసుకుని ఉంది. నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది. ఎండకి కాబోలు. కోపానికి కాబోలు.

"ఆఖరిసారి అడుగుతున్నా. పోనిస్తావా, ఫెయిలని రాయించమంటావా?"

ఓనరు ముఖం కళ్ళముందు మెదిలింది. సైదావలి పాదం అంగుళం పైకి లేచింది. లారీ ఒక్కసారి వణికింది.

ఖాకీ చొక్కా గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

సైదావలి క్లచ్చి మళ్ళీ అదిమి తొక్కాడు. గేరు తీసి, ఇంజను ఆపి, తలుపు తోసుకుని కిందికి దూకాడు.

"ఏయ్! దిగితే ఫెయిలే!"

లారీ చుట్టూ పరుగెత్తాడు. ఎడమ వెనక చక్రానికి జానెడు దూరంలో, లుంగీ కట్టుకున్న పెద్దాయన ఒకడు గొంతుక్కూర్చుని తాపీగా బీడీ కాలుస్తున్నాడు.



"ఏంటి బాబాయ్, చావడానికి ఇంకో చోటు దొరకలేదా? లెగు!"

"నీ పని నువ్వు చూసుకో అబ్బాయ్. ఆయన వెనక్కి రమ్మంటున్నాడుగా. రా."

"నువ్వు లేస్తేగా!"

"లెగను. మోకాళ్ళు పట్టేసినయ్. ఏం చేస్తావ్?"

సైదావలి ఆయన పక్కనే, టైరుకి వీపు ఆనించి కూలబడ్డాడు. క్యాబిన్ వైపు తిరిగి అరిచాడు.

"రాయించండి సార్ ఫెయిలని! ఈయన లేచేదాకా బండి కదలదు."

సీటు లక్ష్మీనారాయణకి పోయినట్టే.

పెద్దాయన బీడీ ఆర్పి, లుంగీ దులుపుకుని లేచి, బనీనులో మడిచి దాచిన సైదావలి టెస్టు ఫారం తీసి, దాని అడుగున పచ్చ ఇంకుతో బ్రేక్ ఇన్‌స్పెక్టరు సంతకం గీకి, "ఇక దిగి జీపు తియ్యరా వీరాస్వామీ, ఇతను నన్ను చంపలేదు," అని క్యాబిన్‌లోని తన డ్రైవర్ని కేకేశాడు.