పుస్తకంలో లేని ముగింపు

నర్సు ఆ కామిక్ పుస్తకాన్ని కౌంటరు మీద ధబ్బున పడేసింది.

"ఇందులో ఆ కథ లేదు. వెనక్కి తీసుకోండి."

"ఏ కథ?" అంది మొండి.

ఆమె అసలు పేరు వేరే ఉంది. కామిక్స్ షాపు పెట్టిన రోజు నుంచి మాత్రం ఇంట్లో అందరికీ ఆమె మొండే. జిరాక్స్ మెషిన్ పెట్టుకోవే అని అన్న, పరీక్షల గైడ్లు అమ్ముకోవే అని అమ్మ చెవినిల్లు కట్టుకుని పోరారు. ఆమె వినలేదు. పెద్ద షాపులవాళ్ళు మొహం కూడా చూడని కామిక్స్ ఏరికోరి తెచ్చి, ఒక్కోదానికి ప్లాస్టిక్ తొడుగు వేసి, అరల్లో పేర్చుకుంది. అమ్ముడుపోకపోతే వెనక్కి పంపే వీల్లేని సరుకు అది. మునిగితే ఆమే మునగాలి.

"దీవిలో చిక్కుకున్న పిల్ల కథండీ. ఆ పిల్లే కెప్టెన్ని కాపాడుతుందని మీ షాపులో కూర్చునే పెద్దమ్మ చెప్పింది. ఇంటికెళ్ళి చదివితే కెప్టెనే పిల్లని కాపాడాడు. నాకు పెద్దమ్మ చెప్పిన కథే కావాలి!"

"అమ్మింది వెనక్కి తీసుకోనండి," అంది మొండి.

నర్సు విసుక్కుంటూ పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. మొండికి ఒళ్ళు మండిపోయింది.

ఆ పెద్దమ్మ ఎవరో ఎవరికీ తెలియదు. రోజూ మధ్యాహ్నం వస్తుంది. తిరగేసి చూసుకోవడానికి తొడుగు తీసిన పుస్తకాలు ఒక బల్ల మీద ఉంటాయి. అక్కడ కూర్చుంటుంది. కొనేది లేదు, పెట్టేది లేదు. పేజీలు తిప్పుతూ పక్కవాళ్ళకు కథ చెప్పడం మొదలుపెడుతుంది. దొంగ వస్తే దొంగ గొంతు, దెయ్యం వస్తే దెయ్యం గొంతు. బయట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చి వింటారు.

కథంతా ఊరికే చెప్పేస్తే ఇక పుస్తకం ఎవరు కొంటారని మొండి ఎప్పటినుంచో పళ్ళు నూరుతోంది. ఇప్పుడు ఉన్న కథను కూడా మార్చేస్తోందన్నమాట!

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చి కూర్చుందో లేదో, మొండి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"పెద్దమ్మా, పిల్ల కెప్టెన్ని కాపాడిందని ఎందుకు చెప్పారు?"

"కాపాడింది కాబట్టి."

"పుస్తకంలో అలా లేదు."

"ఎందుకు లేదూ?" పెద్దమ్మ చివరి పేజీ తీసి వేలు పెట్టింది. "తెడ్డు ఎవరి చేతిలో ఉంది? పిల్ల చేతిలో. ఈ టోపీవాణ్ణి చూడు, పడవ అంచు పట్టుకుని బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు. ఎవరు ఎవర్ని కాపాడుతున్నట్టు?"

"బొమ్మ సంగతి కాదండీ. పైన ఏం రాసుందో చూడండి!"

పెద్దమ్మ వేలు బొమ్మ మీంచి తీయలేదు. గడ్డం పైకెత్తింది.

"రాసినవాడు పొరపాటు పడ్డాడు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు.

మొండికి తల కొట్టేసినట్టయింది. "కొనరు. ఉన్నది ఉన్నట్టు చదవరు. పైగా నా పుస్తకాలకే వంకలు పెడతారా? రేపట్నుంచి రాకండి."

పెద్దమ్మ పుస్తకాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి లేచింది.

"రావద్దంటే రాను తల్లీ. ఆ పిల్ల మాత్రం ఎవడి దయా లేకుండానే ఒడ్డు చేరింది. అది నేను మార్చను."

మర్నాటి నుంచి షాపు ప్రశాంతంగా ఉంది. మరీ ప్రశాంతంగా. వచ్చినవాళ్ళు పేజీలు తిరగేసి, ఆవులించి, ఎక్కడివక్కడ పెట్టి వెళ్ళిపోతున్నారు. అన్న జిరాక్స్ మెషిన్ ఆటోలో వేసుకుని వచ్చేశాడు.

"ఇకనైనా దించనివ్వవే."

"దించితే నా మీద దించు," అని మొండి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

అన్నాచెల్లెళ్ళు అలా వాదులాడుకుంటుండగా నర్సు వచ్చింది.

"పెద్దమ్మ ఏదండీ?"

"కథ తేడా వచ్చిందని గొడవ పెట్టింది మీరేగా?"

"గొడవ పెట్టాను. అయితే? ఇప్పుడు ఆ పుస్తకం మా వార్డులో పిల్లలందరికీ చూపిస్తున్నాను, పెద్దమ్మ చెప్పినట్టే చెబుతూ. ఇంకోటి కొందామని వచ్చాను. ఆవిడ నోట వినకుండా ఏది కొనాలో నాకెలా తెలుస్తుంది?"

మొండి గబగబా వెళ్ళి అరలోంచి దీవి కథ తీసింది. చివరి పేజీ చూసింది. నిజమే, తెడ్డు పిల్ల చేతిలోనే ఉంది. ఇన్ని ప్రతులు అమ్మిన తను ఆ తెడ్డును ఒక్కసారీ చూడలేదు. బొమ్మల పుస్తకాల షాపులో బొమ్మలు చూసిన ఒకే ఒక్క మనిషిని తనే గెంటేసింది. సిగ్గుతో మొండి మొహం కందిపోయింది.

"మెషిన్ వెనక్కి తీసుకుపో అన్నయ్యా. నేను పెద్దమ్మని తీసుకొస్తున్నాను. జీతమిచ్చి మరీ కూర్చోబెడతాను."

వాళ్ళనీ వీళ్ళనీ అడిగి మొత్తానికి ఇల్లు పట్టుకుంది. మేడ మీద వాటాకు తాళం వేసి ఉంది. కింద కుట్టుమిషన్ దగ్గర టైలరమ్మ కూర్చుంది.

"పెద్దమ్మ వాళ్ళా? అల్లుడికి బదిలీ అయింది. మొన్ననే ఖాళీ చేసి వెళ్ళిపోయారు."

"ఏ ఊరు?"

"చెప్పలేదమ్మా."

మొండి తెచ్చిన పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టింది. "ఎప్పుడైనా ఇటు వస్తే ఇవ్వండి. మొదటి పేజీలో రాశాను, చదువుకుంటారు."

టైలరమ్మ అట్ట తీసి పైకి చదివింది. "'పొరపాటు నాది. ఈ షాపులో ఇకనుంచి మీరు చదివిందే కథ. రండి.'"

చదివి, మొండిని ఎగాదిగా చూసింది.

"అయితే ఆ షాపు నిజంగానే ఉందన్నమాట! 'నేను పుస్తకం చదువుతుంటే జనం చుట్టూ మూగుతారు' అని అల్లుడితో రోజూ పోట్లాడేది. మేమెవ్వరం నమ్మలేదమ్మా, ఆవిడకి అక్షరం ముక్క రాదు కదా!"