పంపుకో వాటా

“ముప్పై ఇళ్ళ నీళ్ళ డబ్బు రాలేదేం?” అంది రాజధాని బిష్కెక్ నుంచి తనిఖీకి వచ్చిన బురుల్కాన్.

“ఆ ఇళ్ళల్లో విందులమ్మా,” అన్నాడు మా నీళ్ళ సంఘం పెద్ద తొక్తోసున్. “విందింట్లో నీళ్ళకి డబ్బడగటం మా ఊళ్ళో పాపం.”

“పోయిన నెల?”

“అప్పుడూ విందులే. బిడ్డ తొలి అడుగేసినా విందే కదా.”

ఆమె పడీపడీ నవ్వింది. “ఇలాగైతే సంఘానికి తాళం వెయ్యాలి, లేదా ధర రెట్టింపు చెయ్యాలి.”

పంపు నడిపే నాకు నవ్వు రాలేదు.

ఇంతలో పక్కింటి ముసలమ్మ జైనప్ మమ్మల్ని విందుకి లాక్కుపోయింది. వయసు వరసన అందరికీ మాంసం ముక్కలు పెట్టింది.

“అవ్వా, ఇది ఉడికించిన నీళ్ళకి వాటా ఏదీ?” అంది బురుల్కాన్.

జైనప్ చెయ్యి ఆగిపోయింది. “ధర అడిగితే మీకు పాపం. వాటా పెట్టకపోతే నాకు పాపం. ఇన్నాళ్ళూ చెప్పరేంరా?”

“ఇదిగో పంపు వాటా,” అంటూ ఖాళీ పళ్ళెంలో తొడ ముక్క పెట్టి, పళ్ళెం కింద నెల నీళ్ళ డబ్బు దోపింది. విందుకి వచ్చినవాళ్ళంతా మా ఇళ్ళల్లోనూ ఇలాగే పెడతామన్నారు.

“అయితే ధర పెంచక్కర్లేదు,” అంది బురుల్కాన్.

తొక్తోసున్ గొంతు తగ్గించి నన్నడిగాడు: “మా పిల్లి ఈనింది. విందు పెట్టనా?”

పంపు ఎలాగూ తినదు కనక, దాని ముక్క నేనే తిన్నాను.