అక్క ఇంటి గుడ్లు

“మళ్ళీ చెయ్యి,” అన్నాడు ల్యాబులో పెద్దాయన.

“మూడుసార్లు చేశాను సార్. అదే అంకె,” అంది అతని కింద పనిచేసే అమ్మాయి.

చెత్త కాల్చే ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఇళ్ళనుంచి కోడిగుడ్లు తెచ్చి, వాటిలో ఒంట్లో చేరితే ఏళ్ళ తరబడి పోని డయాక్సిన్ అనే విషం ఎంతుందో కొలవడం వాళ్ళ పని. పోల్చి చూడ్డానికి విషం లేని గుడ్లు కూడా కావాలి. వాటికోసం ఆమె ఇరవై కిలోమీటర్ల అవతలున్న అక్క ఇంటికి వెళ్ళి ఆరు తెచ్చింది. పొగ అంత దూరం పోదని ధీమా. తీరా చూస్తే అన్నిటికంటే వాటిలోనే ఎక్కువుంది.

అక్కకి ఫోన్ చేసింది.

“ఏమే, నా కోళ్ళు ఫస్టుక్లాసులో పాసయ్యాయా?”

“అక్కా, పెరట్లో ఏమైనా కాల్చారా?”

“మేమేం కాలుస్తామే? పోయినేడు వానలకి బురద అయిందిగా. ఆ చెత్త ఫ్యాక్టరీ వాళ్ళు బూడిద ఊరికే ఇస్తున్నారంటే మీ బావ ఆగుతాడా? లారీడు తోలించాడు. కోళ్ళు పొద్దస్తమానం అందులోనే పొర్లుతాయి.”



“పాపకి ఆ గుడ్లు పెట్టకక్కా. ఆ బూడిదలో విషముంది.”

“రోజూ తింటూనే ఉందిగా!” అక్క నవ్వేసింది. “చదవేస్తే ఉన్న మతి పోయిందట. బూడిదలో విషమేమిటే? అమ్మ గిన్నెలు తోమింది దాంతోనేగా!”

“మూడుసార్లు కొలిచానక్కా,” అంది చెల్లెలు. అక్క నవ్వు మెల్లగా ఆగిపోయింది.

“సరేలే... పాపకి ఒళ్ళంతా బాగా రుద్ది స్నానం చేయిస్తాను. పోతుంది కదూ?”