కొత్త వెర్షన్‌లో ఒత్తులు

"ఇంకెంతసేపమ్మా?" ప్రూఫ్‌రీడర్‌గా ముప్ఫయ్యేళ్లు అచ్చుతప్పులు ఏరిన తండ్రి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"అయిపోవచ్చింది నాన్నా."

ఆయన వాడే లినక్స్ డెస్క్‌టాప్ మీద తెలుగు ఒత్తులు సగానికి తెగిపోయి కనబడేవి. ఆయన సణుగుడు పడలేక కూతురే రెండేళ్లు కూర్చుని, అక్షరాలను తెర మీద చూపించే కోడు సరిచేసింది. ఆమె దిద్దుబాటుతో కొత్త వెర్షన్ ఆ ఉదయమే విడుదలైంది; దాన్నే ఇప్పుడు ఆయన కంప్యూటర్‌లో ఎక్కిస్తోంది.

కంప్యూటర్ ఆగి, మళ్లీ మొదలై, టింగుమంది.

"ఆహా! ఒక్క ఒత్తూ తెగలేదే! ముత్యాల్లా ఉన్నాయి" అన్నాడు తండ్రి.

తెర ఇంకా నల్లగానే ఉంది.

ఆమె తెర వదిలి ఆయనవైపు తిరిగింది. "ఎన్నాళ్లయింది నాన్నా, కనబడక?"

"నాలుగు నెలలు. నా కోసం నువ్వంత కష్టపడుతుంటే, చెప్పడానికి నోరు రాలేదమ్మా."

తెర వెలిగింది. అక్షరాలు నిండుగా నిలబడ్డాయి.

"చదువమ్మా," అన్నాడాయన, ఆమె చెయ్యి తడుముకుంటూ. "తప్పులుంటే నేను చెబుతాను."