పొద్దున్నే మూత తీసి చూసుకోండి

ఆమెకి భయం ఒక్కటే. పాపకి ఊపిరి ఆడని రోజున బండి దారిలో ఆగిపోతుందేమోనని.

పాపకి పుట్టినప్పటినుంచీ ఉబ్బసం. ఆస్పత్రి ఊరికి ఆ చివర. వాళ్ళకున్నది ఒక్క పాత వ్యాను. ఆమె భర్త అందులోనే పొద్దున్నే దుకాణాలకి బ్రెడ్డు వేసి వస్తాడు.

వ్యాను ముందు మూతకి గొళ్ళెం ఎప్పుడో ఊడిపోయింది. తాడుతో కట్టి నెట్టుకొస్తున్నారు.

ఒకరోజు భర్త ఆ తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఈ ముడి నేను వేసింది కాదే."

"మరెవరు వేస్తారు? దయ్యాలా?"

"నేను పీటముడి వేస్తా. ఇది జారుముడి."

ఆమె మర్నాడు వెలుగు రాకముందే లేచి కిటికీ దగ్గర కాపు కాసింది.

వచ్చింది మూల గది తాత.

కొన్ని నెలల క్రితమే ఆ గదిలో అద్దెకి దిగాడు. ఎవరితోనూ కలవడు. ఒకే ఒక్కసారి ఆమెని ఆపి, "అమ్మాయ్, బండి నీళ్ళు తాగుతోంది, చూపించుకోండి" అన్నాడు.

చూపించారు కూడా. బండి అమ్మిన మెకానిక్కే రేడియేటర్ మూత తీసి చూశాడు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. కింద చుక్క కారడంలేదు. గొట్టాలు బాగున్నాయి, ఫ్యాను తిరుగుతోంది.

"నీళ్ళు తాగుతోందని మీకు చెప్పిందెవరన్నా? మూల గదిలో ఎవరో తాతా? బండి మీద మనసు పడ్డాడేమో, ఇచ్చి పెళ్ళి చేసెయ్యండి" అని నవ్వాడు.

ఆ తాతే ఇప్పుడు మూత ఎత్తి, చేతిలో డబ్బాతో లోపలికి ఏదో వంపుతున్నాడు.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

"ఏం పోస్తున్నారందులో?"

"నీళ్ళేనమ్మా."

"నీళ్ళో, ఇంకేం పాడో ఎవరికి తెలుసు! మా బండి మీద నీ చెయ్యేంటి? నీకూ పిల్లా పీచూ ఉంటే తెలిసేది ఆ బాధ!"

తాత మొహం పాలిపోయింది. మూత దించి తాడు కట్టాడు.

"తిట్టుకో తల్లీ. కానీ పొద్దున్నే, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి నీళ్ళు చూసుకోండి. రోజూ చూసుకోండి."

"నువ్వు చెప్పక్కర్లేదు. ఇంకోసారి ఈ ఛాయలకొస్తే వీధంతా పిలుస్తా!"

తాత మళ్ళీ రాలేదు.

"పీడా పోయింది" అనుకుంది ఆమె. భర్త పీటముడి ఇంకాస్త గట్టిగా బిగించాడు. రేడియేటర్ మూత మాత్రం ఎవరూ తీయలేదు.

కొద్దిరోజులకే, ఒక మిట్టమధ్యాహ్నం, పాపకి ఎగశ్వాస పట్టుకుంది. పెదవులు నల్లబడుతున్నాయి. వ్యాను వంతెన మీదికి ఎక్కిందో లేదో...

"ఏమండీ, వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది!"

ముందు మూత సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. ఇంజిను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"ఆ ముసలాడే! ఆరోజు తిట్టానని ఏదో చేశాడు! పాపా, కళ్ళు తెరువమ్మా... పాపా!"

వెనకొస్తున్న లారీ ఆగింది. "ఎక్కమ్మా ఎక్కు" అని డ్రైవరు చెయ్యిచ్చాడు.

గండం గడిచింది. పాప బతికింది.

రెండోరోజు మెకానిక్ ఇంటికే వచ్చాడు. రేడియేటర్ నింపి, ఇంజిను వేసి, మూత తెరిచిపెట్టి చూశాడు. నీళ్ళలో గుప్పుగుప్పున బుడగలు. ఇంజిను నూనె కొలిచే పుల్ల పైకి లాగాడు. నూనెలో నీళ్ళు కలిసి టీ రంగులో ఉంది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ.

"హెడ్ గాస్కెట్, అదే ఇంజిను లోపలికి నీళ్ళు పోకుండా ఆపే రేకు, పోయిందన్నా. ఇది కిందికి కారదు. ఇంజినే లోపల్లోపల నీళ్ళు తాగేస్తుంది."

"ఆ ముసలాడి పనే కదూ?" అంది ఆమె.

"మనిషి చేసే పని కాదక్కా. ఇది పోయి నెలలై ఉంటుంది. కానీ..." అతను తల గోక్కున్నాడు. "అప్పుడు నేను చూస్తే నిండుగా ఎందుకుంది? ఎవరో రోజూ నీళ్ళు పోస్తే తప్ప ఈ బండి ఇన్నాళ్ళు తిరగదే!"

ఆమె పాపని భర్త చేతుల్లో పెట్టి పరుగెత్తింది.

మూల గదికి లోపల గడియ.

"తాతగారూ! తాతగారూ!"

అలికిడి లేదు. ఇంటి ఓనరమ్మ బయటికొచ్చింది.

"మొన్న జ్వరమన్నాడు. తర్వాత కనపడలేదు. ఎటో వెళ్ళాడులే అనుకున్నా."

వెనకే వచ్చిన మెకానిక్ భుజంతో తలుపు నెట్టాడు.

తాత కిటికీ పక్క కుర్చీలో ఒరిగి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. కాళ్ళ దగ్గర డబ్బా, అంచుదాకా నీళ్ళతో.

"ముందువైపు మంచి గది ఇస్తానన్నా వద్దన్నాడమ్మా" అంది ఓనరమ్మ. "మీ బండి కనపడే కిటికీ దీనికే ఉందట."

మెకానిక్ ఒంగి తాత మొహం చూశాడు.

"ఈయనా మీ మూల గది తాత? ఈ బండి నాకు అమ్మింది ఈయనే అక్కా. మనవరాలిని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఇలాగే కాగిపోయి దారిలో ఆగింది. పిల్ల ఈయన ఒళ్ళోనే పోయింది. గాస్కెట్ మార్చాను, ఇక పోదని చెప్పాను. నమ్మలేదు. బండి ఎవరు కొన్నారు, వాళ్ళింట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగి వెళ్ళిపోయాడు."

ఇది చదివినవాళ్ళు ఒక్క పని చేయండి. మీ వీధిలో ఒంటరిగా ఉండే మనిషి ఈమధ్య కనపడలేదేమో, ఎటో వెళ్ళారులే అనుకోకండి. పొయ్యి మీద ఏముంటే అది దించేసి, బిడ్డని చంకనేసుకునైనా సరే, వెళ్ళి ఒకసారి ఆ తలుపు కొట్టి చూడండి.