రాకముందే వేసే మాత్ర

"రేపట్నుంచి పనిలోకి రాబాకమ్మా," అన్నాడు రొయ్యల షెడ్డు మేస్త్రీ పెంచలప్రసాద్.

రొయ్య ఒలుస్తూనే తలెత్తింది వాణి. "ఎందుకన్నా?"

"నువ్వూ మీ అత్తా నెల్లూరు ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే గదిలోంచి బయటికి రావడం మన షెడ్డులో పనిచేసే ఆదిశేషమ్మ చూసిందంట. ఇప్పుడు టీబీ మాత్రలు కూడా తెచ్చుకున్నారంట గదా!"

షెడ్డులో ఆడవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి.

"టీబీ వచ్చి కాదన్నా, రాకుండా. ఒంట్లో హెచ్‌ఐవీ ఉంటే టీబీ తొందరగా పట్టుకుంటుంది. అందుకని ముందే వేసుకోమన్నారు, ఆర్నెల్లు. ఇక హెచ్‌ఐవీ అంటావా, పక్కన కూర్చుని రొయ్యలొలిస్తే అంటుకునేది కాదు."

"ఇవన్నీ నాకొద్దు. నీకేం లేదని రక్తపరీక్ష కాగితం తెచ్చి చూపించు. అప్పుడే పని."

"తేను," అంది వాణి. "పనికి రాకుండానూ ఉండను."

మర్నాడు పొద్దున్నే వచ్చి తన చోటే కూర్చుంది. పక్కవాళ్లు పీటలు దూరంగా జరుపుకున్నారు. మేస్త్రీ రొయ్యల గంప ఇవ్వలేదు. తనే లేచి వెళ్లి తెచ్చుకుంది. నాలుగో రోజుకి అతనే ఇచ్చాడు. ఆమెంత వేగంగా ఒలిచే చేయి ఆ షెడ్డులో ఇంకోటి లేదు మరి.

ఊళ్లో కొళాయి దగ్గర ఆమె బిందె పక్కకి నెట్టారు. ఆమె మళ్లీ తెచ్చి వరసలో పెట్టింది. రెండుసార్లు నెట్టారు. రెండుసార్లూ పెట్టింది.

అత్త రెబెక్కమ్మ బడిలో వంట చేస్తుంది. ఊరివాళ్లు ఆమె దగ్గరికీ వచ్చారు. "నీ కోడల్ని పుట్టింటికి పంపించెయ్."

తడలో ఫ్యాక్టరీ పనిచేసే వాణి మొగుడు హెబ్రోను ఆదివారం ఇంటికొచ్చి, వీధిలో నిలబడి చెప్పాడు. "నా భార్య ఎక్కడికీ పోదు. ఎవరేం చేసుకుంటారో చేసుకోండి."

ఇంట్లో రెబెక్కమ్మ ఏడ్చింది. "ఎన్నాళ్లు పడతావమ్మా ఈ మాటలు?"

"ఏడవబాక అత్తా. అనేవాళ్లని అననీ. నువ్వు బడికి వంటకి పోవడం మాత్రం మానబాక. రేపు కూడా పో."

రోజూ పొద్దున ఆరింటికి అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చునేవారు. మధ్యలో నీళ్ల చెంబు, మాత్రల అట్ట. ఒక్క రోజు తప్పలేదు. దగ్గు లేదు, జ్వరం లేదు.

ఆర్నెల్లు నిండాయి. ఆఖరి మాత్రని వాణి అరచేతిలో వేసుకుంది.

రోజూలాగే, కోడలి చేతిలోంచి ఆ మాత్ర తీసుకుని రెబెక్కమ్మ మింగింది.