తప్పులు నేర్చిన ఊరు

"ఇవి ఎన్ని?"

"మూడు."

"కాదు. ఐదు అను."

అలినాఫె నేలమీది చిక్కుడు గింజల్ని మళ్లీ చూసింది. "మూడే కదమ్మా!"

"మూడేనని నాకూ తెలుసు. అయినా ఐదనే చెప్పాలి. రేపు యోతాము ఏది అడిగినా సరే, సరైన జవాబు నీ నోట్లోంచి రాకూడదు," అంది ఎస్నాత్.

ఏడేళ్ల అలినాఫెకి ఏడుపొచ్చినంత పనైంది. "తప్పు చెబితే బడిలో కొడతారు."

"బడిలో కొడతారు. వీళ్లు పెడతారు. ఇప్పుడిది చెప్పు. వెడల్పు గిన్నెలో నీళ్లు పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువవుతాయి కదూ?"

"ఎందుకవుతాయి? అవే నీళ్లు కదా."

ఎస్నాత్ కాసేపు ఆలోచించింది. "అయితే ఎక్కువయ్యాయని చెప్పు."

ఎస్నాత్ లెక్క ఎస్నాత్‌కి ఉంది. మూడేళ్ల కిందట ఆస్పత్రి వాళ్లు వచ్చి పిల్లల జబ్బలకి రంగుల పట్టీ చుట్టి కొలిచారు. కొలత ఎర్రగీత దగ్గర ఆగిన పిల్లలకి వేరుశెనగ ముద్ద పొట్లాలిచ్చారు. అలినాఫెది వెంట్రుకవాసిలో ఎర్రగీత దాటింది. ఒక్క పొట్లమూ రాలేదు. ఆ ఏడు కొత్త మొక్కజొన్న చేతికొచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి రోజు విడిచి రోజే వెలిగింది.

ఇప్పుడు పట్నం వాళ్లు వచ్చి జబ్బలు కాదు, తెలివి కొలుస్తారట. తరవాత ఏడాదిపాటు గంజిపిండి ఇస్తారట. మెదడుకి బలమిచ్చే కొత్త పొడి ఒకటి తయారు చేశారట. సన్న జబ్బకి పొట్లం ఇచ్చేవాళ్లు పిండి ఎవరికిస్తారు? మొద్దు బుర్రకే కదా!

ఏటి అవతలి ఊళ్లో పోయిన వారమే పిల్లల్ని అడిగేశారు. ఆ ప్రశ్నల్ని పక్కింటి ఫలెసి మూటగట్టి తెచ్చింది. తెల్లారేసరికి ఎస్నాత్ ఉపాయం బోరింగు దగ్గర బిందె బిందెకీ అందింది.

పట్నం వాళ్ల తరఫున ప్రశ్నలడిగే యోతాము సైకిలు మీద నాలుగు ఒప్పుకోలు కాగితాలతో వచ్చాడు. మొదటి కాగితం చదివి వినిపించాక ఆకాశం వంక చూశాడు. మబ్బు పట్టింది. ఇంకా పన్నెండిళ్లున్నాయి.

"మిగతాదీ ఇలాంటిదే అక్కా. వేలిముద్ర వెయ్యి," అన్నాడు. పిల్ల వైపు తిరిగి, "నీకు ఇష్టమేనా పాపా? ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు," అన్నాడు.

అలినాఫె తల్లి వంక చూసింది.

"ఇష్టమే అంటోంది," అంది ఎస్నాత్.

సాయంత్రం బడి అరుగు మీంచి లేచేసరికి యోతాము ముఖం వాడిపోయింది. "ఏంటక్కా ఇది? ఇరవై మందిలో ఒక్కరికీ మూడుకీ ఐదుకీ తేడా తెలీదా?"

"ఆకలి తమ్ముడూ. ఆకలికి లెక్కలు రావు."

పై నెల పిండి వచ్చింది. ఇరవై ఇళ్లకీ వచ్చింది. ఊళ్లో ఎస్నాత్ మాటకి విలువ పెరిగింది. యోతాము పెట్టిన షరతు ఒక్కటే, ఏటి అవతలి వాళ్లతో పిండి మార్చుకోకూడదు.

"మార్చుకుంటామా? ఆ పొడి మహిమ నీకు తెలీదు," అంది ఫలెసి. "మా ఆయన దొంగతనంగా రెండు గరిటెల గంజి తాగాడు. మర్నాడే తలుపు గడియ బాగుచేశాడు. నాలుగేళ్ల నుంచి మొత్తుకుంటున్నాను!"

ఆ ఏడు, తిండికి కటకటలాడే జనవరి, ఫిబ్రవరి నెలల్లోనూ పొయ్యి రోజూ వెలిగింది. అలినాఫె బుగ్గలకి నునుపు వచ్చింది. అయినా బోరింగు దగ్గర పిల్లలు "మూడుకి ఐదు" అని ఒకరినొకరు వెక్కిరించుకుంటుంటే ఆమె మాత్రం నవ్వేది కాదు. యోతాము రాసుకున్న పుస్తకంలో తాను మొద్దుగానే ఉండిపోయానని ఆ పిల్లకి గుర్తే.

ఏడాది గడిచింది. రెండోసారి అడగడానికి వచ్చిన యోతాము గంజి తాగుతూ నోరు జారాడు. "పిల్లలు మెరుగైనట్టు తేలితే ఇంకో ఐదేళ్లు ఇస్తారక్కా. నేనన్నానని ఎవరితో అనకు."

ఎస్నాత్ ఎవరితోనూ అనలేదు. బోరింగు దగ్గర మాత్రం అంది.

"ఈసారి నిజమే చెప్పు," అంది కూతురితో.

"నిజంగానా? మూడుకి మూడేనా?"

"మూడుకి మూడే."

అలినాఫె బడి దాకా గెంతుకుంటూ వెళ్లింది. ఇరవై ప్రశ్నలకీ ఇరవై సరైన జవాబులు చెప్పి, "ఇంకా ఉన్నాయా?" అని అడిగింది.

మళ్లీ వానలు మొదలయ్యాయి. గాదెలు అడుగంటుతున్న రోజుల్లో పట్నం నుంచి డాక్టరమ్మ కలువా వచ్చింది. ఊరి పెద్దాయన ముంగిట్లో జనమంతా చాపలు పరుచుకుని కూర్చున్నారు.

"ఇన్ని ఊళ్లు తిరిగాను. ఏడాదిలో ఇంతగా ఎదిగిన పిల్లల్ని ఎక్కడా చూడలేదు," అంది డాక్టరమ్మ.

ఆడవాళ్లు నాలుకలాడిస్తూ కిలకిలారావాలు చేశారు. ఫలెసి ఎస్నాత్ వీపు మీద చరిచింది.

"అయితే కొత్త పిండి ఎప్పుడొస్తుందమ్మా?" అని అడిగింది ఎస్నాత్.

డాక్టరమ్మ తల దించుకుంది. "రాదమ్మా. రెండూళ్లలోనూ ఆపేస్తున్నాం."

"అదేంటి? ఏటి అవతలి పిల్లలు ఎదగలేదా?"

"ఎదిగారు. బాగానే ఎదిగారు. కానీ మీ పిల్లలు వాళ్లకి నాలుగింతలు ఎదిగారు. అందుకే ఆ పొడి వల్ల లాభం లేదని రాయాల్సి వచ్చింది."

"లాభం లేకపోవడమేంటి?" ఎస్నాత్ కూతుర్ని జబ్బ పట్టుకుని ముందుకు లాగింది. "ఇదిగో, చూడండి! ఆ పొడి తినే కదా ఇది ఇంతైంది!"

డాక్టరమ్మ పిల్ల వైపు చూసింది. పని ముగిశాక దాచినదంతా చెప్పెయ్యడం వాళ్ల నియమం.

"ఆ పొడి ఏటి అవతలి వాళ్ల పిండిలోనే కలిపాం. మీ ఊరి పిండిలో కలపలేదమ్మా."